ఫ్యాషన్ ప్లేటులో ఆ గీత కుట్టా, మడతా? రీజెన్సీ గౌను బాడీని, లోపలి కార్సెట్‌ను బొమ్మలో చదవడం

మీరు పెట్టిన బొమ్మను బాగా పెద్దది చేసి చూశాను. 1815 నాటి లండన్ ఫ్యాషన్ ప్లేటు అది, అంటే కొత్త దుస్తులు చూపించడానికి పత్రికలో వేసిన అచ్చు బొమ్మ. తెల్లటి సాయంత్రపు గౌను, ఛాతీ వరకే వచ్చి ఆగిపోయిన నీలం బాడీ (పై భాగం), దాని మీద నిలువుగా నాలుగైదు సన్న గీతలు, ఛాతీ కింద ఒక పట్టీ. ఆ నీలం ముక్క కార్సెట్టేనా, అంటే ఒంటికి బిగించే లోదుస్తేనా, ఆ గీతలు దానిలో గట్టిదనం కోసం దూర్చే ఎముకలా, అసలు లోపల ఏం వేసుకునేవారు అని అడిగారు. కాలేజీ నాటకం కోసం బొమ్మ కొలతలు లెక్కగట్టి కుడితే పట్టీ ఛాతీ కిందికి రాకుండా సరిగ్గా ఛాతీ మీదే కూర్చుందని, టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

ముందు ఆ పట్టీ సంగతి చెప్తాను. మీ కత్తెర తప్పు చేయలేదు. ఆ బొమ్మ గీసినవాడు ఏ మనిషినీ కొలిచి గీయలేదు. ఇరవై రెండేళ్లుగా ఇంగ్లండ్‌లో నాటకాలకు దుస్తులు కుడుతున్నాను. ఈ కాలపు గౌను మొదటిసారి కుట్టిన ప్రతివాళ్లకీ ఇదే జరగడం చూశాను, నాకూ జరిగింది.

బొమ్మలో తలను స్కేలుతో కొలవండి. ఎత్తులో ఎన్ని తలలు పడతాయో చూడండి. మామూలు మనిషి ఎత్తు తన తలకు ఏడు, ఏడున్నర రెట్లు ఉంటుంది. ఈ ప్లేట్లలో ఎనిమిదిన్నర, ఒక్కోసారి తొమ్మిది రెట్లు కూడా ఉంటుంది. పెరిగిన పొడవంతా దాదాపు కాళ్లలోనే ఉంటుంది, తర్వాత కొంచెం మెడలో. ఇప్పుడు మీ నాటకంలో అమ్మాయి ఎత్తు 63 అంగుళాలు అనుకోండి. మెడ గుంట నుంచి పట్టీ దాకా బొమ్మలో ఒక తల పొడవు ఉందనుకోండి. మీరు మొత్తం ఎత్తును బట్టి లెక్కగట్టారు కాబట్టి 63ని 8.5తో భాగించి 7.4 అంగుళాలు తీసుకున్నారు. ఆ అమ్మాయి నిజమైన తల పొడవు సుమారు 8.7 అంగుళాలు. తేడా అంగుళంపావు పైనే. లంగా పొడవులో అంగుళంపావు ఎవరికీ కనపడదు. ఛాతీ దగ్గర మాత్రం పట్టీ కింద ఉండాలా మీద ఉండాలా అన్నది తేల్చేది ఆ అంగుళంపావే. అందుకని బాడీ కొలతలను ఎప్పుడూ తలతో, భుజాల వెడల్పుతో పోల్చి తీయండి. మొత్తం ఎత్తును లెక్కలోకి రానివ్వకండి. అలా తీశాక కూడా మనిషి మీద పెట్టి చూసే కత్తిరించాలి.

అసలు ఈ ప్లేట్లు ఎందుకు తయారయ్యాయో గుర్తుంచుకుంటే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. లండన్‌లో అకెర్‌మాన్ నడిపిన 'రిపాజిటరీ ఆఫ్ ఆర్ట్స్' 1809లో మొదలైంది. జాన్ బెల్ పెట్టిన 'లా బెల్ అసాంబ్లే' 1806 నుంచి వచ్చింది. పారిస్‌లో 1797 నుంచి 'జుర్నాల్ దే దామ్ ఎ దె మోద్' ఉండేది, మనం 'కోస్ట్యూమ్ పారిసియెన్' అని చూసే బొమ్మలు దానివే. అవన్నీ కొత్త మోజును అమ్మే పత్రికలు. మిసెస్ బెల్ అనే దర్జీ తన గౌన్లకూ కార్సెట్లకూ 'లా బెల్ అసాంబ్లే' పేజీల్లోనే ప్రచారం చేసుకునేది. అకెర్‌మాన్ మొదటి ఏళ్లలో నిజమైన బట్ట ముక్కలను కత్తిరించి పేజీకి అంటించేవాడు, చదివేవాళ్లు తాకి చూసి కొనుక్కోవడానికి. చూసినవాళ్లకు ఇలా కనిపించాలి అనిపించడమే బొమ్మ పని. ఎలా కుట్టాలో చెప్పడం దర్జీ పని, దర్జీకి అది ముందే తెలుసు. కాబట్టి కుట్టు గురించిన వివరం బొమ్మలో ఉంటే మన అదృష్టం, లేకపోతే గీసినవాడి తప్పు కాదు.

బొమ్మ తయారైన తీరు కూడా చూడండి. ముందు చిత్రకారుడు గీస్తాడు. దాన్ని ఇంకొకరు రాగి రేకు మీద చెక్కుతారు. నల్ల సిరాతో అచ్చు వేస్తారు. తర్వాత రంగులు వేసేవాళ్లు ఒక్కొక్క ప్రతికీ చేత్తో నీటి రంగులు పూస్తారు. అంటే గీతలు ఒకరివి, రంగు ఇంకొకరిది. రంగు వేసే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే బొమ్మలకు కుంచె ఆడిస్తూ ఉంటే, చేతి కింద ఉన్న ముక్క బాడీయో జాకెట్టో ప్రతిసారీ ఆలోచించి వేయదు. ఒకే ప్లేటుకు రెండు ప్రతుల్లో రెండు రంగులుండటం మామూలే.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ప్రతిని చూసి పొడుగు చేతుల నీలం స్పెన్సర్ కుట్టాను. స్పెన్సర్ అంటే ఛాతీ వరకే వచ్చే పొట్టి కోటు. డ్రెస్ రిహార్సల్ ముందు రోజు అదే ప్లేటు ఇంకో ప్రతి దొరికింది. అందులో చేతులు తెల్లగా ఉన్నాయి, బాడీ ఒక్కటే నీలం. పత్రికలో ఆ బొమ్మ పక్కన ఉన్న వివరణ వెతికి చదివితే, తెల్ల గౌను మీద చేతుల్లేని బాడీ అని స్పష్టంగా రాసి ఉంది. మొదటి ప్రతికి రంగు వేసినవాళ్లు చేతులకు కూడా పూసేశారు. ఆ రాత్రంతా కూర్చుని చేతులు విప్పాను. అప్పటి నుంచి వివరణ చదవకుండా బట్ట మీద చాక్ పెట్టలేదు. మీరూ ఆ బొమ్మ ఉన్న సంచిక స్కాన్ వెతకండి. పాత సంచికలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. బొమ్మను విడిగా చించి అమ్మిన ప్రతుల ఫోటోలు చూసి మాత్రం పని మొదలుపెట్టకండి.

ఆ వివరణల్లో ఒక మాట మీకు వింతగా అనిపిస్తుంది. గౌను పై భాగాన్ని వాళ్లు 'బాడీ' అనే రాస్తారు. బాడీ ప్లెయిన్‌గా ఉంది అంటే ఒంటికి అతికినట్టు కుట్టారని. ఫుల్‌గా ఉంది అంటే కుచ్చులు వేసి వదులుగా పెట్టారని. మన ఇళ్లలో అమ్మమ్మలు జాకెట్టు లోపల వేసుకునేదాన్ని 'బాడీ' అనేవారు కదా, ఆ మాట ఇదే. ఇంగ్లీషులో బాడిస్ అన్న మాట కూడా పాత 'పెయిర్ ఆఫ్ బాడీస్' నుంచి వచ్చిందే. ఒకప్పుడు బిగువు లోదుస్తుకూ ఆ పేరే ఉండేది. ఇంగ్లీషు బాడీ మన దగ్గరికి వచ్చి మళ్లీ లోపలికే వెళ్లిపోయింది.

ఇక మీ నీలం ముక్క. అది లోపల వేసుకునే కార్సెట్ కాదు. తెల్ల గౌను మీద రంగు బాడీ వేసుకోవడం ఆ ఏళ్లలో బాగా నడిచింది. వెల్వెట్‌తోనో శాటిన్‌తోనో కుట్టేవారు. ముందు వైపు అల్లిక తాడు కట్టినవీ ఉన్నాయి, పల్లెటూరి ఆడవాళ్ల దుస్తుల అందాన్ని అనుకరిస్తూ. గందరగోళం ఎక్కడంటే, ఫ్రెంచి ప్లేట్ల కింద ఇలాంటి పై బాడీకి కూడా ఒక్కోసారి 'కోర్సే' అని రాస్తారు. అది చూసి అప్పట్లో కార్సెట్ పైకి కనిపించేలా వేసుకునేవారని రాసిన వ్యాసాలు నేను చాలానే చదివాను. లోపలి దుస్తు కోసం ఇంగ్లండ్‌లో ఎక్కువగా వాడిన మాట 'స్టేస్'. కార్సెట్ అన్న మాట ఫ్రెంచి నుంచి అప్పుడప్పుడే వస్తోంది, మొదట్లో స్టేస్ కంటే మెత్తగా తేలికగా ఉండే రకానికి వాడారు. ఇకనుంచి లోపలి దాన్ని స్టేస్ అనే రాస్తాను, మనకు తికమక ఉండదు.

ఆ నిలువు గీతల సంగతి. ఎముకలు కావు. ఈ కాలపు గౌను బాడీలో సాధారణంగా ఎముకలే ఉండవు. గీత కుట్టా మడతా అని తేల్చడానికి నేను చూసేది దాని రెండు చివరలు. కుట్టు ఒక అంచు దగ్గర మొదలై ఇంకో అంచు దగ్గరో ఇంకో కుట్టు దగ్గరో ముగుస్తుంది, మధ్యలో ఎక్కడా మాయమవదు. మడత అయితే కుచ్చు దగ్గర దట్టంగా మొదలై పోనుపోను సన్నబడి బట్ట మధ్యలోనే ఆగిపోతుంది. ఎడమ పక్క గీతకు కుడి పక్కన జోడీ ఉందా అని కూడా చూడండి. కుట్లు జంటగా ఉంటాయి. నీడ కోసం వేసిన గీతలు వెలుతురుకు అవతలి పక్కన మాత్రమే ఉంటాయి. రెండు గీతలు అతి దగ్గరగా జంటగా నడిస్తే అది చాలాసార్లు పైపింగ్, అంటే కుట్టు వెంట పెట్టే సన్నని తాడు అంచు. మీ బొమ్మలో నాలుగు గీతలు పట్టీ దగ్గర నుంచి లేచి సగంలో చెరిగిపోయాయి. అవి కుచ్చులు. ఐదోది చంక కింద నుంచి వంపు తిరిగి పట్టీలో కలిసింది, దానికి అవతలి పక్కన జోడీ ఉంది. అది కుట్టు. ఇంత చిన్న బొమ్మలో బాడీ మొత్తం బొటనవేలి గోరంత ఉంటుంది. చెక్కేవాడికి ఆ చోటులో మూడు నాలుగు గీతల కంటే పట్టవు. ఉన్నవాటిలో ఒకటి కుట్టుకు ఇచ్చాడంటే, అది ఆ గౌనులో కంటికి కనిపించే విషయమే అయి ఉంటుంది.

లోపల ఏముంది అన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. బొమ్మలో అది కనిపించదు, దాని పని మాత్రం కనిపిస్తుంది. ఒంటికి ఆనుకుని మొదట షిఫ్ట్ ఉంటుంది, మోకాళ్ల దాకా వచ్చే నూలు చొక్కా లాంటిది. దాని మీద స్టేస్. దాని మీద పెటికోట్, అంటే లోలంగా. పట్టీ ఛాతీ కిందికి పాకిన ఈ కాలంలో లోలంగా నడుము దగ్గర నిలవదు, అందుకని దానికి భుజాల మీంచి వచ్చే పట్టీలు గానీ, చిన్న బాడీ గానీ కుట్టేవారు. ఆ పైన గౌను. పగటిపూట మెడ దగ్గర నిండుగా కనిపించడానికి గౌను లోపల షెమిజెట్ వేసుకునేవారు. దానికి చేతులుండవు, పక్కలు కలిపి కుట్టరు, ముందూ వెనకా రెండు పలకల్లా జారి నడుము దగ్గర బొందుతో కట్టుకునేది. ప్లేటులో మెడ వరకూ బొత్తాలున్న తెల్ల చొక్కా కనిపిస్తే అది గౌనులో భాగమేమోనని కలిపి కుట్టేస్తుంటారు. మెడ దగ్గర బట్ట రకం మారిందా, అంచు గీత గౌను అంచు కిందికి దూరిందా చూడండి. దూరితే అది విడి షెమిజెట్.

ఇప్పుడు స్టేస్. పాత పద్దెనిమిదో శతాబ్దపు స్టేస్ గరాటా ఆకారంలో ఉండేవి, ఒళ్లంతా ఎముకలు దట్టంగా నింపి, ఛాతీని చదునుగా పైకి నెట్టేవి. ఎముక అంటే తిమింగలం నోట్లో ఉండే బలీన్ పలకల చీలికలు. పట్టీ ఛాతీ కిందికి లేచేసరికి ఆ ఆకారం పనికిరాలేదు. ఇప్పుడు కావలసింది రెండు గుండ్రాలు విడివిడిగా, పైకి. దానికోసం ముందు భాగంలో పై నుంచి కిందికి చీలిక పెట్టి త్రికోణపు ముక్కలు అతికారు, దర్జీల మాటలో గసెట్లు. ఒక్కో పక్క మామూలుగా రెండు. మన కటోరీ జాకెట్టు కుట్టినవాళ్లకు ఈ ఆలోచన వెంటనే అందుతుంది, చదును బట్టలో గిన్నె తయారు చేయడమే పని. గసెట్ల పై అంచున నాడా దూర్చి బిగువు సరిచేసుకునేవారు. తుంటి దగ్గర కూడా గసెట్లు పెట్టేవారు, కింద వెడల్పు రావడానికి. ఎముకలు చాలా తగ్గిపోయాయి. వాటి బదులు రెండు పొరల నూలు బట్ట మధ్య దారపు తాడు పెట్టి వరసలుగా కుట్టేవారు, బొంత కుట్టినట్టు. ఆ వరసలతోనే బట్టకు కావలసిన గట్టిదనం వస్తుంది.

వీటన్నిటికీ వెన్నెముక లాంటిది బస్క్. ముందు భాగం నడి మధ్యలో, నిలువు సంచిలో దూర్చే బద్ద. చెక్కదో, ఎముకదో, దంతందో, ఉక్కుదో. రెండు రొమ్ములను విడదీసి ఉంచేది అదే. దాన్ని బయటికి లాగేయవచ్చు, ఉతికేటప్పుడు తీసేస్తారు. స్టేస్‌ను ఎక్కువగా వెనకవైపే బిగించేవారు, ఒకే తాడును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెలికలా చుట్టుకుంటూ. సినిమాల్లో చూసే రెండు తాళ్ల అడ్డ దిడ్డ బిగింపు, ముందు ఉక్కు గుండీలతో తెరుచుకునే కార్సెట్, లోహపు రింగులు, ఇవన్నీ తర్వాతి కాలానివి. లోహపు రింగులు 1820ల చివర్లో వచ్చాయి. అంతకుముందు రంధ్రాలన్నీ చేతి కుట్టే. మీ నాటకం 1815 అయితే దబ్బనం తీసుకుని పోగులు తెగకుండా పక్కకు నెట్టి రంధ్రం చేసి, చుట్టూ కాజా కుట్టు వేయండి. తెగిన పోగులు రెండో రోజుకే చిరుగుతాయి, నెట్టిన పోగులు ఏళ్లు ఉంటాయి.

స్టేస్‌లో పొట్టివీ ఉన్నాయి, పొడుగువీ ఉన్నాయి. పొట్టివి ఛాతీ కింద కొద్దిగా వచ్చి ఆగిపోతాయి. ఆన్‌లైన్‌లో నమూనాలన్నీ వీటివే, కుట్టడం తేలిక కాబట్టి. మ్యూజియంలలో మిగిలినవాటిలో తుంటి దాకా వచ్చే పొడుగు రకం బాగా ఎక్కువ. జేమ్స్ గిల్‌రే 1810లో వేసిన వ్యంగ్య చిత్రాల వరసలో మొదటిది చూడండి, ఒక గొప్పింటి ఆవిడ నిలబడి ఉంటే పనమ్మాయి వెనక నుంచి స్టేస్ బిగిస్తోంది. నడుము దాటి తుంటి దాకా వచ్చే పొడుగు స్టేస్ అది. ఫ్యాషన్ ప్లేటు ఎప్పటికీ చూపించని ఈ దృశ్యం మనకు వ్యంగ్య చిత్రకారుడి దగ్గరే దొరుకుతుంది. అతను ఆకారాన్ని పెంచి గీస్తాడు, సరే. ఏది ముందు వేసుకుంటారు, ఎటు వైపు బిగిస్తారు అన్నది మార్చి గీస్తే చూసినవాళ్లకు నవ్వు రాదు కదా, అందుకని ఆ వివరాలు నమ్ముతాను.

నడుము సన్నగా చేయడం ఈ స్టేస్ పని కాదు. నడుము బొమ్మలో కనిపించదు కూడా. ప్లేటులో స్టేస్ ఉందని నాకు చెప్పే గుర్తులు వేరు. ఛాతీ పై గీత గుండ్రంగా, మెడ గుంటకు దగ్గరగా ఉంటుంది. రెండు రొమ్ముల మధ్య ఖాళీ స్పష్టంగా ఉంటుంది. పక్క నుంచి చూపిన బొమ్మలో ఛాతీ కింద నుంచి కిందికి లంగా జారే గీత నునుపుగా, పొట్ట దగ్గర పొంగు లేకుండా వస్తుంది. ఆఖరిది ఉంటే పొడుగు స్టేస్ అని అనుకుంటాను. ఒక్క గుర్తు ఉంటే నమ్మను, చిత్రకారుడు పాలరాతి బొమ్మలను మనసులో పెట్టుకుని గీశాడేమో. మూడూ ఉంటే, అదే ఏడాది ఇంకో రెండు ప్లేట్లలో కూడా కనిపిస్తే, అప్పుడు నమ్ముతాను.

ఏడాది అన్న మాట మీద ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే 'రీజెన్సీ' అని ఒకే పేరు పెట్టి పాతికేళ్లను కలిపేయడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి. రాజకీయంగా రీజెన్సీ, అంటే ఇంగ్లండ్‌లో రాజు బదులు యువరాజు పాలించిన కాలం, 1811 నుంచి 1820 దాకా. దుస్తుల వాళ్లు 1795 నుంచి 1820ల దాకా లాగుతారు. అంతకాలం ఒకే ఛాతీ ఆకారం ఉండలేదు. ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ 1813 సెప్టెంబరులో లండన్ నుంచి తన అక్కకు రాసిన ఉత్తరంలో, ఇప్పటి స్టేస్ ఛాతీని పైకి నెట్టేలా కుట్టడం లేదట, ఆ పాత పద్ధతి అసహజంగా ఉండేది అని రాసింది. స్టేస్ కుట్టే దుకాణంలోని అమ్మాయి చెప్పగా విన్న మాట అది. గౌన్లు భుజాల మీంచి మునుపటంత జారవని విని సంతోషించింది కూడా. ఈ నాలుగు మాటలు నాకు వంద ప్లేట్ల కంటే విలువైనవి. 1813కు ముందు స్టేస్ ఛాతీని బాగా ఎత్తేవని, ఆ ఏడాది దుకాణాల్లో మార్పు మొదలైందని ఒక మామూలు కొనుగోలుదారు నోటి నుంచి తెలుస్తోంది. కాబట్టి 1808 ప్లేటుకు కుట్టిన స్టేస్‌ను 1815 గౌను కింద వేస్తే పట్టీ ఉండాల్సిన చోట ఉండదు.

పట్టీ కూడా కదులుతూనే ఉంది. 1790ల మధ్యలో లేచింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్న రోజుల్లో రెండు దేశాల మధ్య రాకపోకలు సరిగా లేక ఇంగ్లీషువాళ్ల పట్టీ కొంత కిందికి జారింది, పారిస్‌లో పైనే ఉంది. 1814లో శాంతి రాగానే ఇంగ్లీషు ఆడవాళ్లు పారిస్ వెళ్లి చూసుకుంటే తాము వేరేలా ఉన్నామని తెలిసింది. వెంటనే పట్టీ పైకి లేచింది. 1816, 1817 ప్రాంతంలో అది చేరినంత ఎత్తుకు మళ్లీ ఎప్పుడూ చేరలేదు. తర్వాత 1820లంతా మెల్లగా దిగుతూ అసలు నడుము దగ్గరికి వచ్చింది. మీ ప్లేటు సరిగ్గా ఈ మలుపులో ఉంది. 1812 లండన్ ప్లేటునో 1812 పారిస్ ప్లేటునో పక్కన పెట్టుకుని దీని వెనక భాగం ఊహించకండి.

అలాగే ఇంగ్లీషు పత్రికలు ఫ్రెంచి బొమ్మలను కాపీ కొట్టడం సర్వసాధారణం. బొమ్మను చూస్తూ నేరుగా రాగి మీద చెక్కితే అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. కాబట్టి ఏ పక్క మీద ఏ పక్క మడిచారు, ముడి ఎటు ఉంది అన్న ప్రశ్నకు ఒక్క ప్లేటుతో జవాబు చెప్పకండి.

వెనక భాగమే ఈ గౌనుకు ప్రాణం, ప్లేట్లలో అదే తక్కువ కనిపిస్తుంది. మా నాన్నగారు తెనాలిలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టేవారు. భుజం కుట్టు సరిగ్గా భుజం మీద పడాలని, చంక ముక్క కుదిరితే జాకెట్టు సగం కుదిరినట్టేనని చెప్పేవారు. రెండో మాట ఈ గౌనుకూ నిజమే. మొదటిది ఇక్కడ మరిచిపోవాలి. ఈ గౌనులో భుజం కుట్టు వెనక్కి జారి ఉంటుంది, పక్క కుట్టు కూడా చంక కింద ఉండదు, వీపు మీదికి వంపు తిరిగి చంక వెనక భాగంలో కలుస్తుంది. రెండు కుట్ల మధ్య వీపు ముక్క వజ్రం ఆకారంలో సన్నగా ఉంటుంది. నేను కుట్టేటప్పుడు పట్టీ దగ్గర ఆ ముక్క మూడు నాలుగు అంగుళాలకు మించనివ్వను. చేతులు వెనక్కి అతుకుతాయి. అందువల్లే ప్లేటులో అమ్మాయి భుజాలు వెనక్కి లాగి ఛాతీ ముందుకు పెట్టినట్టు నిలబడుతుంది. ఆ నిలువును చిత్రకారుడి అందం అనుకుంటారు చాలామంది. అలా కత్తిరించిన గౌను వేసుకుంటే మీకూ అదే నిలువు వస్తుంది. మన జాకెట్టు కత్తిరింపు మీద ఈ కాలపు ముందు భాగం అతికించి కుడితే బొమ్మ ఎప్పటికీ రాదు.

గౌను ఎక్కడ తెరుచుకుంటుందో కూడా ముందు భాగంలోనే వెతకాలి. 1800 ప్రాంతపు గౌన్లలో చాలావాటికి లైనింగ్ రెండు రెక్కలు ఛాతీ మీద మడిచి పిన్నులు పెట్టేవారు, లంగా ముందు భాగంతో కలిసి ఉన్న పలకను పైకి ఎత్తి భుజాల దగ్గర పిన్ను చేసేవారు. ప్లేటులో చతురస్రపు మెడ, పై మూలల్లో చిన్న పిన్నో బొత్తమో కనిపిస్తే ఇదేనేమోనని అనుమానించండి. 1810 దాటాక వెనక బొందులతో, బొత్తాలతో మూసేవి పెరిగాయి. మీ 1815 గౌనుకు వెనక తెరుపే పెట్టండి. పై నీలం బాడీ కూడా వెనకే తెరవండి, వివరణలో ముందు అల్లిక తాడు అని లేకపోతే.

గుడ్డ గురించి ఒక మాట. పాప్లిన్ వద్దు, లాంగ్ క్లాత్ అసలే వద్దు. పట్టీ కింద కుచ్చులు గొడుగులా విచ్చుకుంటాయి. ఆ తెల్ల గౌన్లు చాలావరకు సన్నని మస్లిన్. మొదట బెంగాల్ నుంచి వెళ్లింది, 1780ల తర్వాత ఇంగ్లండ్, స్కాట్లాండ్ మిల్లులు కూడా నేశాయి. మన పెద్దవాళ్ల గ్లాస్కో పంచెలకు ఆ పేరు ఆ గ్లాస్గో నుంచే వచ్చింది. మీకు దొరికే వాటిలో మెత్తటి మల్లు గుడ్డ సరిపోతుంది. గంజి పూర్తిగా పోయేలా రెండుసార్లు ఉతకండి. డబ్బు వీలైతే ఒక్క ముఖ్య పాత్రకైనా పొందూరు ఖాదీ లాంటి చేతి నేత తీసుకోండి. దీపాల వెలుగులో అది జారే తీరు మిల్లు గుడ్డకు రాదు. స్టేస్‌కు మాత్రం గట్టి డ్రిల్లు రెండు పొరలు పెట్టండి. బస్క్‌కు అంచులు ఉప్పుకాగితంతో రుద్దిన ఒక అడుగు చెక్క స్కేలు చాలు, నా మొదటి స్టేస్‌లో అదే పెట్టాను. తాడు బిగించాక వెనక రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. ఊపిరి బాగా తీసుకుని పాట పాడగలిగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. పాత్రధారులకు ముందు వారం నుంచే రోజూ గంట సేపు అలవాటు చేయించండి.

పని వరస కూడా మార్చండి. మీరు గౌను కుట్టేశారు, ఇప్పుడు స్టేస్ అడుగుతున్నారు. స్టేస్ నమూనాను పాత దుప్పటితో ముందు కుట్టండి, అమ్మాయికి వేసి బిగించండి, అప్పుడు ఛాతీ కింద తాడు కట్టి మెడ గుంట నుంచి కొలత తీయండి. అంగుళంపావు ఎక్కడికి పోయిందో మీకే కనిపిస్తుంది. మీరు కుట్టిన గౌనును పారేయకండి. పట్టీ విప్పి బాడీకి కింద అంగుళంన్నర ముక్క అతికితే ఆ అతుకు పట్టీ కిందే దాగిపోతుంది, అప్పట్లోనూ పాత గౌన్లను అలాగే సరిచేసుకునేవారు. లండన్ వి అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, జపాన్‌లోని క్యోటో కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్లలో 1810-1820 మధ్య గౌన్ల వెనక వైపు ఫోటోలు ఓ పదైనా చూశాకే వీపు ముక్క కత్తిరించండి.

నమూనా వేసి బిగించాక పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి ఫోటో తీసి పెట్టండి, చేతులు కిందికి వదిలి. గసెట్ ఎత్తు పెంచాలా, వెడల్పు పెంచాలా అన్నది అది చూసి చెప్తాను.